కృష్ణా డెల్టాలో ఎరువు వానపాములు: జీవనం, అలవాట్లు, జాతి ఎంపిక

కృష్ణా డెల్టా గ్రామాలలో క్షేత్ర సందర్శనకు వెళ్లిన విస్తరణ శాస్త్రవేత్తకు తరచు ఎదురయ్యే దృశ్యం ఒకటున్నది. తాటాకు పందిరి కింద సిమెంటు తొట్లు ఉంటాయి. తొట్లలో ఎండి గడ్డకట్టిన పేడ ఉంటుంది. పాములు మాత్రం ఉండవు. అడిగితే ‘‘రోహిణి కార్తెలో చచ్చిపోయినాయండీ’’ అని కాని, ‘‘వానకు లేచిపోయినాయండీ’’ అని కాని సమాధానం వస్తుంది. రైతు చెప్పినది రెండు సందర్భాలలోనూ నిజమే. వేసవి వేడిమికి చనిపోయే జాతి ఒకటి, వర్షపు రాత్రి తొట్టి దాటిపోయే జాతి మరొకటి. ఏ తొట్టిలో ఏ జాతి ఉన్నదో రైతుకు చెప్పినవారు లేరు. పాములను సరఫరా చేసినవారికి కూడా అది అనేక సందర్భాలలో తెలియదు.

వర్మీకంపోస్టు తయారీపై తెలుగులో కరపత్రాలు కొదవ లేకుండా ఉన్నాయి. తొట్టి పొడవు, వెడల్పు, పేడ పాళ్లు, నీరు చల్లవలసిన రోజులు వాటిలో వివరంగా ఉంటాయి. పని చేయవలసిన జీవి గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. పాడిగేదెను కొనే రైతు దాని జాతి, ఈతలు, మేత విచారించి కొంటాడు. వానపామును కిలోల లెక్కన కొంటాడు. ఈ వ్యాసం ఆ లోపాన్ని కొంత పూరించడానికి ఉద్దేశించినది.

పొలం పాము, పెంట పాము

వానపాములన్నీ ఒకే రకంగా జీవించవు. ఫ్రెంచి శాస్త్రవేత్త మార్సెల్ బూషే 1970వ దశకంలో వాటిని నివాసాన్ని, ఆహారాన్ని బట్టి మూడు వర్గాలుగా విభజించినాడు. మొదటి వర్గం నేల ఉపరితలంపై కుళ్లుతున్న ఆకులలో, పేడలో నివసిస్తుంది. మట్టిని దాదాపు తినదు. రెండవ వర్గం మట్టి లోపలే అడ్డంగా తొలుచుకుంటూ, మట్టిని మింగి అందులోని సేంద్రియ పదార్థంతో బతుకుతుంది. మూడవ వర్గం నిలువు బొరియలు చేసుకొని, రాత్రివేళ పైకి వచ్చి ఆకులను లోపలికి లాగుకొనిపోతుంది. చార్లెస్ డార్విన్ 1881లో ప్రచురించిన గ్రంథంలో నేల పైపొరను కాలక్రమేణా తిరగవేసే జీవులుగా వర్ణించినది ప్రధానంగా బొరియలు చేసే పాములను.

ఎరువు తయారీకి పనికివచ్చేవి మొదటి వర్గానికి చెందినవి. వాటి సహజ నివాసం పెంటకుప్ప, ఆకుల గుట్ట, కుళ్లుతున్న అరటి బోదె అడుగు. అవి లోతుకు పోవు. బెడ్‌లో కూడా పై ఆరు నుంచి ఎనిమిది అంగుళాలలోనే తిరుగుతాయి. అందువల్ల బెడ్ లోతు పెంచినంత మాత్రాన ఎరువు పెరగదు. బెడ్ వైశాల్యమే ఉత్పత్తిని నిర్ణయిస్తుంది.

ఈ భేదం తెలియకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. వర్మీకంపోస్టుతో పాటు పాములను కూడా వరిచేలో వదిలితే అవే నేలను గుల్లపరుస్తాయనే నమ్మకం గ్రామాలలో ఉన్నది. దమ్ము చేసి నీరు నిలిపిన సార్వా మడిలో ప్రాణవాయువు దొరకడం కష్టం. అక్కడ పొలం పాములే గట్లను ఆశ్రయిస్తాయి. ఇక పేడలో పెరిగిన పాము నల్లరేగడిలో ఆహారం దొరకక, ఎండకు, చీమలకు బలి అవుతుంది. మన నేలలలో సహజంగా పనిచేసే లాంపిటో మారిషియై వంటి జాతులు వేరు. వాటిని పెంచి పొలంలో వదలనక్కరలేదు. సేంద్రియ పదార్థం, తేమ, దున్నకుండా వదిలిన కొంత నేల ఉంటే అవి తమంతట తామే వృద్ధి చెందుతాయి. రైతు పొలానికి చేర్చవలసినది ఎరువును. పెంట పామును బెడ్‌లోనే ఉంచుకోవాలి.

చర్మమే ఊపిరితిత్తి

వానపాముకు ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు. తడి చర్మం ద్వారానే ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది. చర్మం ఆరితే శ్వాస ఆగుతుంది. శరీర బరువులో అధిక భాగం నీరే కావడం వల్ల ఎండిన పదార్థంలో అది త్వరగా నీటిని కోల్పోతుంది. బెడ్‌లో 70 నుంచి 85 శాతం తేమ ఉండాలని పరిశోధకులు సూచించేది ఇందుకే. పరికరం లేని చోట పిడికెడు పదార్థాన్ని గట్టిగా పిండి చూడవచ్చు. ఒకటి రెండు చుక్కలు కారితే చాలు. ధార కడితే తేమ మించినదని గ్రహించాలి.

నీరు ఎక్కువైతే పాము మునిగి చనిపోతుందనే మాటకు కూడా వివరణ అవసరం. ప్రాణవాయువు కరిగి ఉన్న పారే నీటిలో వానపాము చాలాసేపు, కొన్ని జాతులైతే రోజుల తరబడి బతకగలదు. కాని పేడ, గడ్డి కుళ్లుతున్న తొట్టిలో నీరు నిలిస్తే సూక్ష్మజీవులు అందులోని ప్రాణవాయువును కొద్ది గంటలలో హరిస్తాయి. పామును చంపేది ఆ ఊపిరాడని స్థితి. తొట్టి అడుగున నీరు పోయే రంధ్రం మూసుకుపోయి ఉంటే, పైన పందిరి ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు.

పాముకు కళ్లు లేకపోయినా చర్మంలోని కాంతిగ్రాహక కణాల ద్వారా వెలుగును గుర్తించి దూరంగా పోతుంది. ఎరుపు కాంతికి అంతగా స్పందించదు. విద్యార్థులు రాత్రివేళ బెడ్‌ను పరిశీలించదలచుకుంటే టార్చికి ఎర్రని కాగితం కట్టుకుంటే సరిపోతుంది.

దంతాలు లేని ఈ జీవి ఆహారాన్ని మెత్తబడిన తరువాతనే మింగగలదు. కండరయుతమైన అంతర్జఠరం, అంటే కోడి కందనకాయ వంటి భాగం, మింగిన ఇసుక రేణువుల సాయంతో ఆహారాన్ని నూరుతుంది. అయితే పాముకు పోషణనిచ్చేది ప్రధానంగా గడ్డి పోచ కాదు. ఆ పోచపై పెరిగిన శిలీంధ్రాలు, బాక్టీరియా, ప్రోటోజోవా. పచ్చి వరిగడ్డి వేసి పాములు తినడం లేదని చెప్పే రైతుకు ఇవ్వవలసిన సమాధానం ఇదే. ముందు గడ్డిని సూక్ష్మజీవులు తినాలి, తరువాత సూక్ష్మజీవులను పాము తింటుంది. కొద్ది గంటలలో పేగు దాటి వచ్చే విసర్జనలో సేంద్రియ పదార్థం సన్నగా నూరబడి, సూక్ష్మజీవులతో నిండి ఉంటుంది. విసర్జన బయటపడిన తరువాత కూడా ఆ సూక్ష్మజీవులు పని కొనసాగిస్తాయి కనుక ఎరువును ఎండబెట్టి పిండి చేయకుండా కొంత తేమతో నిలువచేయాలి.

సంతానోత్పత్తి

వానపాము ద్విలింగ జీవి. ఒకే శరీరంలో స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉన్నప్పటికీ సాధారణంగా రెండు పాములు జతకట్టి శుక్రకణాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. పరిపక్వతకు గుర్తు శరీర ముందుభాగంలో ఉబ్బిన పట్టీ వలె కనిపించే క్లైటెల్లం. ఈ పట్టీ స్రవించే పదార్థం గొట్టం వలె ఏర్పడి, పాము వెనుకకు జారుకొనేకొద్దీ అండాలను, నిలువ ఉన్న శుక్రకణాలను చేర్చుకొని, తల మీదుగా ఊడిపోయి రెండు కొనలూ మూసుకుంటుంది. అదే కకూను. జాతిని బట్టి ఆవగింజ నుంచి చిన్న కందిగింజ వరకు ఉండే ఈ కకూన్లను రైతులు విత్తనాలనుకొని ఏరివేయడం కద్దు.

మన ప్రాంతంలో లభించే మూడు జాతుల సంతానోత్పత్తి తీరు వేరువేరుగా ఉంటుంది. ఐసీనియా ఫెటిడా కకూను 18 నుంచి 26 రోజులలో పొదుగుతుంది. ఒక్కొక్క దానినుంచి రెండు నుంచి నాలుగు పిల్లలు వస్తాయి. యూడ్రిలస్ యుజీనియే కకూను 12 నుంచి 16 రోజులలోనే పొదిగి, సగటున రెండుకు పైగా పిల్లలనిస్తుంది. పిల్ల పరిపక్వం కావడానికి ఆరు, ఏడు వారాలు పడుతుంది. పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కకూను నుంచి సాధారణంగా ఒకే పిల్ల వస్తుంది. ఇది చూసి ఆ జాతి తక్కువదని అనుకోరాదు. మొదటి రెండు జాతులు అనుకూల పరిస్థితులలో రెండు రోజులకొక కకూను పెడితే, పెరియోనిక్స్ రోజుకు ఒకటికి పైగా పెడుతుంది. దాని పిల్లలు నాలుగు నుంచి ఆరు వారాలలో పరిపక్వమవుతాయి. ఈ అంకెలన్నీ ఉష్ణోగ్రత 25 డిగ్రీల ప్రాంతంలో, మేతకు లోటు లేనప్పటివి. మే నెలలో మచిలీపట్నం దగ్గర ఇవే అంకెలను ఆశించరాదు.

డెల్టా సంవత్సరం, పాము సంవత్సరం

విజయవాడ ఎండలకు ‘బ్లేజ్‌వాడ’ అనే వ్యంగ్యనామం ఊరికే రాలేదు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా జరిగేదే. యూడ్రిలస్ ఆఫ్రికా ఉష్ణమండలానికి చెందినదైనా 30 డిగ్రీలు దాటిన బెడ్‌లో నిలవడం కష్టం. ఐసీనియా 35 డిగ్రీల వరకు తాళగలదు కాని, 25 దాటినకొద్దీ దాని పునరుత్పత్తి మందగిస్తుంది. పెరియోనిక్స్‌కు 25 నుంచి 37 డిగ్రీల వరకు అనుకూలమని పరిశోధనలు చెపుతున్నాయి. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకొని చూస్తే, రోహిణి కార్తెలో ఏ తొట్టి ఖాళీ అవుతుందో ముందే చెప్పవచ్చు.

రాయలసీమలో ఫలించిన ఉపాయం డెల్టాలో అంతగా ఫలించకపోవడానికి కూడా కారణం ఉన్నది. పొడి గాలిలో తడి గోనె సంచి నుంచి నీరు వేగంగా ఆవిరై బెడ్‌ను చల్లబరుస్తుంది. దివిసీమ, బందరు ప్రాంతాలలో సముద్రపు గాలి తేమతో నిండి ఉంటుంది. ఆవిరి నెమ్మదించినకొద్దీ చల్లదనం తగ్గుతుంది. అక్కడ నీరు రెట్టింపు చల్లితే బెడ్ బురద అవుతుందే కాని చల్లబడదు. నీడను రెట్టింపు చేయడం, పందిరి పక్కలు తెరచి గాలి ఆడనివ్వడం, వేసవిలో మేత పొరను పలుచగా వేయడం మేలు. మేత మందంగా పడితే దాని కుళ్లు వేడి బయటి వేడికి తోడవుతుంది. కొబ్బరి, అరటి తోటల నీడ లభించే గ్రామాలలో సిమెంటు తొట్టి కంటే చెట్ల కింది నేల బెడ్‌కే నా ఓటు. కాంక్రీటు పగలు పీల్చిన వేడిని రాత్రంతా విడుస్తూనే ఉంటుంది.

వేసవిలో మరొక చిక్కు ఉన్నది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు కట్టివేసిన నెలలలో డెల్టా చివరి గ్రామాలు బోరు నీటిపై ఆధారపడతాయి. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వైపు ఆ నీరు ఉప్పన. బెడ్‌పై చల్లిన నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. రోజూ చల్లితే రోజూ పేరుకుంటుంది. మేతలో లవణాలు అర శాతం మించితే పాములు తాళలేవు. అవి చర్మం ద్వారా నీటిని కోల్పోయి, కుంచించుకుపోయి చనిపోతాయి. చూసేవారికి ఎండదెబ్బ వలె కనిపిస్తుంది. ఈ గ్రామాలలో పాముల మరణానికి వేడిని నిందించే ముందు నీటి విద్యుద్వాహకతను పరీక్షించడం విస్తరణ సిబ్బంది బాధ్యత. వాననీటిని నిలువచేసుకోవడం, చెరువు నీరు వాడడం, తప్పనిసరైతే వేసవి రెండు నెలలు కొద్దిపాటి విత్తన పాములను మాత్రమే నీడలో కాపాడుకొని తొలకరితో తిరిగి ప్రారంభించడం మార్గాలు. సంవత్సరమంతా ఉత్పత్తి జరగాలనే నియమం ఎక్కడా లేదు.

వర్షాకాలంలో సమస్య తలకిందులవుతుంది. వాయుగుండం పట్టిన రాత్రి పెరియోనిక్స్ గుంపులుగా గోడలెక్కి వెళ్లిపోవడం ఈ జాతికున్న పెద్ద అవలక్షణం. గాలిలో తేమ నిండినప్పుడు చర్మం ఆరిపోయే భయం ఉండదు కనుక కొత్త చోట్లకు పోవడానికి దానికది అనువైన సమయం. ప్రకృతిలో ఆ అలవాటే దానిని ఒక పేడకుప్ప నుంచి మరొక పేడకుప్పకు చేరుస్తుంది. అటువంటి రాత్రులలో బెడ్‌పైన ఒక బల్బు వెలిగించి ఉంచితే చాలావరకు ఆగిపోతాయి. ఖర్చు స్వల్పం, కాని తుపాను రాత్రి కరెంటు ఉండదనే రైతు అభ్యంతరం కూడా సమంజసమే. అందుకు బెడ్ చుట్టూ ఎండుగడ్డి, ఊక పరచి పొడి అంచును ఏర్పరచవచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్న సంగతి పాఠకులకు విదితమే. అటువంటి ముంపులో బెడ్ మునిగితే పెద్ద పాములు దక్కవు. అయినా నీరు తీసిన వెంటనే పదార్థాన్ని పారవేయరాదు. కకూన్లు పెద్ద పాములకంటే గడ్డు పరిస్థితులను ఎక్కువగా తట్టుకుంటాయి. పదార్థాన్ని గాలి ఆడేట్లు గుల్లపరచి, మూడు నాలుగు వారాలు తేమగా ఉంచి చూసి, అప్పుడు నిర్ణయించాలి.

దేశీయమా, విదేశీయమా

రాష్ట్రంలో 2015-16 నుంచి ప్రకృతి వ్యవసాయం విస్తరించిన తరువాత ఈ ప్రశ్న సాంకేతిక పరిధిని దాటినది. ఐసీనియా ఫెటిడా నిజమైన వానపాము కాదని, విషలోహాలను నేలకు చేరుస్తుందని వాదించేవారున్నారు. ఈ వాదనలో రెండు అంశాలను వేరుచేసి చూడాలి. సావిన్యీ 1826లో వర్ణించిన ఐసీనియా ఫెటిడా జంతుశాస్త్రం ప్రకారం అన్ని విధాలా వానపామే. పొలంలో బొరియలు చేయదనడం సరైనదే. అది దాని వర్గ లక్షణం. లోహాల విషయం కూడా అంతే. వానపాము లోహాన్ని సృష్టించలేదు. మేతలో ఉన్న కాడ్మియం వంటి లోహాలు దాని శరీరంలో పేరుకుంటాయి. మేత తరిగేకొద్దీ మిగిలిన పదార్థంలో లోహాల గాఢత పెరగవచ్చు. పేడ, వరిగడ్డి వేసిన తొట్టిలో ఈ భయానికి తావు తక్కువ. పట్టణపు చెత్తను వేరుచేయకుండా వేస్తే భయం యథార్థం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్మీకంపోస్టులో కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు మించరాదని పరిమితి విధించినది అందుకే. విజయవాడ రైతుబజార్ల కూరగాయల వ్యర్థం మంచి మేత. అదే వ్యర్థం బ్యాటరీలు, రంగు డబ్బాలతో కలిసిన తరువాత మేత కాదు.

అయినా దేశీయ జాతిని కోరుకోవడానికి వేరే కారణం ఉన్నది. అది వాతావరణం. దక్షిణాసియా ఉష్ణమండలపు జాతి అయిన పెరియోనిక్స్ వేడిని, అధిక తేమను రెండింటినీ ఓర్చుకుంటుంది. దీనిని సేంద్రియ వ్యర్థాల వినియోగానికి వాడవచ్చునని బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన రాధా కాలే, ఆమె సహచరులు 1982లోనే పరిశోధన పత్రం ప్రచురించినారు. చెన్నైలో సుల్తాన్ ఇస్మాయిల్ పెరియోనిక్స్‌ను, లాంపిటోను కలిపి స్థానిక జాతులతోనే ఎరువు తయారీని ప్రచారం చేసినారు. ఇంత జరిగినా సరఫరా కేంద్రాలలో విదేశీ జాతులకే గిరాకీ. యూడ్రిలస్ పెద్దది, ఏరుకోవడం సులువు, కంటికి నిండుగా కనిపిస్తుంది. గిరాకీకి ఇంతకు మించిన రహస్యం కనిపించదు. శీతాకాలంలో, నీడ బాగున్న చోట యూడ్రిలస్ చక్కగా పనిచేస్తుందనడంలో సందేహం లేదు. డెల్టాలో ఏడాది పొడవునా నిలవవలసిన తొట్టికి మాత్రం పెరియోనిక్స్‌ను మొదట పరిశీలించాలి. దానిని కొననక్కరలేదు కూడా. వర్షాకాలంలో పాత పెంటకుప్పల అడుగున, పశువులపాక వెనుక తడి నేలలో వెదికితే సన్నని, చురుకైన ఎర్రలు దొరుకుతాయి. చేపల గాలానికి వాటిని ఏరే పిల్లలను అడిగినా చోటు చూపిస్తారు.

గుర్తింపు కష్టం కాదు. ఐసీనియా శరీరంపై ఎరుపు, లేత పసుపు పట్టీలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి; కదిలిస్తే దుర్వాసనతో కూడిన పసుపు ద్రవాన్ని వదులుతుంది; క్లైటెల్లం తలకు దూరంగా, 24 నుంచి 32 ఖండితాల ప్రాంతంలో జీను వలె ఉంటుంది. మిగిలిన రెండింటిలో అది తలకు దగ్గరగా, సుమారు 13వ ఖండితం నుంచి మొదలవుతుంది. యూడ్రిలస్ లావుగా, పొడవుగా ఉండి, తోక కొస పాలిపోయి సన్నబడుతుంది. పెరియోనిక్స్ వీపు ముదురు ఊదా రంగులో ఉండి వెలుతురులో నీలంగా మెరుస్తుంది. ముట్టుకుంటే కొరడా వలె విదిల్చుకుంటుంది. కొనుగోలు రసీదుపై ఏ పేరున్నా, కటకంతో ఖండితాలు లెక్కించి నిర్ధారించుకోవాలి.

మేత

డెల్టాలో మేతకు కొదవ లేదు. వరిగడ్డి, మినుము పొట్టు, తెనాలి వైపు అరటి బోదెలు, ఉయ్యూరు వైపు చెరకు ఆకు, కాలువలను కప్పేసే గుర్రపుడెక్క ఉన్నాయి. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ, పైగా సిలికా అధికం కనుక దానిని ముక్కలు చేసి, పేడనీటిలో తడిపి, కుప్పవేసి కుళ్లనివ్వాలి. కుప్ప లోపలి వేడి 50 డిగ్రీలు దాటుతుంది; ఆ దశ ముగిసి చెయ్యి పెడితే చల్లగా తగిలే వరకు, సాధారణంగా 15 నుంచి 20 రోజులు, పాములకు వేయరాదు. గుర్రపుడెక్కలో నీరే అధికం కాబట్టి రెండు మూడు రోజులు వాడ్చాలి. మురుగు కాలువలలో పెరిగినదైతే లోహాల దృష్ట్యా వదలివేయడం మంచిది. కోళ్ల ఎరువు పచ్చిగా వేస్తే అందులోని అమ్మోనియా పాములను చంపుతుంది.

కొత్త మేతపై అనుమానం కలిగితే కుండలో రెండు గుప్పెళ్లు వేసి పది పాములను వదలి, చిల్లుల మూత పెట్టి మరునాడు చూడాలి. లోపలికి చొచ్చుకొనిపోతే మేత మంచిది. మూతకు అంటుకొని ఉంటే ఇంకా పండలేదు. ఇంతకంటే చవకైన పరీక్ష ప్రయోగశాలలో లేదు.

చదరపు మీటరు బెడ్‌కు వెయ్యి వరకు పాములతో ప్రారంభించవచ్చు. ఎర్రచీమలు, కప్పలు, పందికొక్కులు, కోళ్లు వాటి శత్రువులు. తొట్టి చుట్టూ సన్నని నీటి గాడి చీమలను ఆపుతుంది. పందికొక్కులకు అడుగున తీగ జాలి తప్ప నమ్మదగిన ఉపాయం లేదు. ఎరువు తీయడానికి నాలుగైదు రోజుల ముందు నీరు ఆపి, పై పొరను పందిరి బయట వెలుతురులో చిన్న చిన్న కుప్పలుగా పోస్తే పాములు వెలుగుకు, పొడికి జడిసి అడుగుకు చేరుతాయి. పైనుంచి ఎరువు తీసుకుంటూ రాగా చివరకు అడుగున పాముల ముద్ద మిగులుతుంది. జల్లెడ పట్టేటప్పుడు పైన నిలిచిన గడ్డి పోచలలో కకూన్లు చిక్కుకొని ఉంటాయి. వాటిని పారబోయకుండా కొత్త బెడ్‌పై పరచాలి.